కార్మెన్ మాటలు, చింతామణి మాటలు

మా గన్నవరం చుట్టుపక్కల పల్లెల్లో శ్రీరామనవమి పందిళ్ళలో నాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. 'చింతామణి'లో సుబ్బిశెట్టి రంగప్రవేశం చేయగానే మా నాయనమ్మ చాప చుట్టేసేది. "ఇక లేవరా, మాటలు ముదురుతున్నాయి" అనేది. ఫ్రెంచి 'కార్మెన్' రంగస్థల చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఆ చాపే గుర్తుకు వస్తుంది.

1845లో ప్రోస్పెర్ మెరిమే రాసిన చిన్న నవలిక అది. అందులో కార్మెన్ దొంగలతో కలిసి తిరిగే జిప్సీ స్త్రీ. ఆమెకు గార్సియా అనే ఒంటికన్ను భర్త కూడా ఉన్నాడు. హోసే మొదట అతణ్ణీ, చివరకు ఆమెనూ చంపుతాడు. మెయాక్, అలెవీ దీనిని నాటకంగా మలచగా బిజే సంగీతం కూర్చాడు. ప్రదర్శించవలసినది పారిస్‌లోని ఒపెరా-కొమీక్‌లో. సంసారపక్షంగా జనం వచ్చే నాటకశాల అది. అక్కడి బాక్సుల్లో పెళ్ళిచూపులు జరిగేవట! అటువంటి వేదిక మీద కత్తిపోటా అని నిర్వాహకులలో ఒకడైన ద లూవెన్ బెంబేలెత్తాడు. 1874లో పదవినే వదులుకున్నాడు. రచయితలు భర్తను తొలగించి, నవలికలో లేని మికేలా అనే సాధుస్వభావురాలిని చేర్చారు. చావును మాత్రం మార్చలేదు.

1875 మార్చి 3న తొలి ప్రదర్శన. పత్రికలు నీతిబోధలు చేశాయి. సరిగ్గా మూడు నెలలకు, 36వ ఏట, బిజే కన్నుమూశాడు. పారిస్ మళ్ళీ ఆ నాటకాన్ని చూసింది 1883లో. 1904 డిసెంబరులో అదే నాటకశాలలో వెయ్యో ప్రదర్శన జరిగింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేరొకటి. ఈ 'కార్మెన్' మొదట మన పద్యనాటకం వంటిదే: కొంత మాట, కొంత పాట. 1875 అక్టోబరులో వియన్నా ప్రదర్శన కోసం బిజే మిత్రుడు గిరో ఆ వచనానికి బదులు పాడుకునే సంభాషణలు కూర్చాడు. లోకమంతా వ్యాపించినది ఆ పాఠమే. హోసే కార్మెన్‌ను చూడకముందే ఒక తగాదాలో చిక్కుకుని ఊరు విడిచినవాడన్న సంగతి పోయిన వచనంలోనే ఉంది. అది వినని ప్రేక్షకుడికి, బుద్ధిమంతుణ్ణి ఒక ఆడది చెడగొట్టిందనే తోస్తుంది. 1964లో ఓజర్ పరిష్కరించిన ప్రతి వచ్చాక గాని ఆ సంభాషణలు వేదిక మీదికి విరివిగా తిరిగి రాలేదు.

మన దగ్గర జరిగినది దీనికి తలక్రిందులు. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యాలోలత్వాన్ని ఖండించడానికే 'చింతామణి' రాశారు. స్థానం నరసింహారావు వంటివారు ఆ పాత్రకు గౌరవం తెచ్చారు. అయితే పద్యాల నడుమ వచనాన్ని నటులు ఇష్టారాజ్యంగా పెంచారు. చప్పట్లు పడ్డకొద్దీ బూతు పెరిగింది, ఒక కులం నవ్వులపాలయింది. ఆ కులంవారి మనస్తాపం నిజమైనదే. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. కవి రాసినదేదో, నటుడు చేర్చినదేదో వేరుచేసి చూపే పరిష్కృత ప్రదర్శన ఒకటి ముందే వేళ్ళూనుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని నా అభిప్రాయం.

మా నాయనమ్మ ఆ నాటకం చివరి అంకం ఏనాడూ చూడలేదు. చింతామణి కృష్ణభక్తురాలై అన్నీ విడిచిపెట్టిందని పెద్దయ్యాక నేనే చెప్పాను. "మరి ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా" అంది.