తలా 48,400

జిల్లా కోర్టులో మోటారు ప్రమాద కేసుల హాలు. వెనక బెంచీలో మీరు సర్దుకుని కూర్చునేలోపే బంట్రోతు గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు కేకేస్తాడు. ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుని బోనెక్కుతుంది. రికార్డులో ఆమె పి.డబ్ల్యూ.1, అంటే పిటిషనరు తరఫు మొదటి సాక్షి. భర్త తాపీమేస్త్రీ, వయసు 34. బైకు మీద వస్తుంటే లారీ గుద్దింది.

ఇన్సూరెన్సు కంపెనీ లాయరు లేస్తాడు.

"నెలకు పద్దెనిమిది వేలు తెచ్చేవాడంటున్నావు. కాగితమేదైనా ఉందామ్మా?"

"మేస్త్రీ పనికి కాగితం ఎవరిస్తారయ్యా?"

"వానాకాలం పనులుండవు కదా?"

"కొన్నాళ్లుండవు."

హెల్మెట్ ఉందా, లైసెన్సు ఉందా? అన్నీ అడుగుతాడు. మనిషి లేని ఇల్లు ఎలా ఉందని మాత్రం అడగడు. ఆ లెక్క ముందే తేలిపోయింది. 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేథి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జీవిత భాగస్వామి సాహచర్యం కోల్పోయినందుకు 40 వేలని ఖరారు చేసి, మూడేళ్లకోసారి 10 శాతం పెంచమంది. 2018లో మాగ్మా కేసుతో పిల్లలకూ, కన్నవారికీ అదే దక్కింది.

కొన్ని వాయిదాలు గడిచి, అవార్డు, అంటే పరిహారం తీర్పు, చెప్పే రోజు. జడ్జిగారు నెలకు 12 వేలే ఒప్పుకున్నారు. భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపి, సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసి, ఏడాది మొత్తాన్ని 16తో హెచ్చవేస్తే 24,19,200. ఆపైన సాహచర్యం పద్దు కింద, రెండుసార్లు పెంపు కలిపి, భార్యకు, ఇద్దరు పిల్లలకు, తల్లికి తలా 48,400.

"ఇంతేనా?" అని మీ నోట వస్తుంది.

పక్కనున్న జూనియర్ లాయరు గొంతు తగ్గిస్తాడు. "ఇదివరకు ఒక్కో కోర్టుది ఒక్కో లెక్కండీ. 2013లో రాజేశ్ కేసులో లక్ష ఇచ్చారు. కానీ ఈ అంకె ఖరారు కాకపోతే క్రాస్‌లో ఏమడిగేవాళ్లో ఆలోచించండి. తాగొచ్చి కొట్టేవాడా, పుట్టింటికి ఎన్నిసార్లు వెళ్లావు, అసలు కలిసే ఉన్నారా అని."

మీరు బోను వైపు చూస్తారు. ఆ ప్రశ్నలన్నీ ఆమెకు తప్పాయి.

తర్వాతి అవార్డు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుది. జీతం స్లిప్పులున్నాయి, పన్ను రిటర్నులున్నాయి. ఆదాయ నష్టమే కోటి దాటింది. సాహచర్యం పద్దు దగ్గరికొచ్చేసరికి జడ్జిగారు చదివిన అంకె అదే: భార్యకు 48,400.