ఆ క్రాపు పేరు ఆర్థర్

1960 ఆగస్టులో లివర్‌పూల్ నుంచి హాంబర్గ్ చేరిన బీటిల్స్ కుర్రాళ్ల తలల్లో విశేషమేమీ లేదు. క్రీము దట్టించి వెనక్కి దువ్వి, ముందు పఫ్ లేపిన జుట్టు. ఎల్విస్ ప్రెస్లీ మోజులో ఉన్న ఆ వయసు వాళ్లంతా అలాగే తిరిగేవారు. నాలుగేళ్లు తిరిగేసరికి అవే తలలు అమెరికా పత్రికల మొదటి పేజీలకెక్కాయి.

ఈ మార్పు వెనక ఉన్నది మంగలి కాదు, హాంబర్గ్‌లోని కళా విద్యార్థుల బృందం. క్లాస్ వూర్‌మాన్, యుర్గెన్ వోల్‌మర్, ఫొటోగ్రాఫర్ ఆస్ట్రిడ్ కిర్షెర్ అందులో వాళ్లు. నల్లబట్టలు, ఫ్రెంచి సినిమాలు, అస్తిత్వవాదం వీళ్ల లోకం. క్రీము జోలికి పోకుండా జుట్టును నుదుటి మీదికి దువ్వి వదిలేయడం ఆ కుర్రాళ్లలో అప్పటికే ఉన్న పద్ధతి. వూర్‌మాన్ పెద్ద చెవులు కనబడకుండా అతనికి ఆస్ట్రిడ్ అలా కత్తిరించింది. అది చూసి ఆమె ప్రియుడు, అప్పటి బీటిల్స్ బేస్ గిటారిస్టు స్టూ సట్‌క్లిఫ్ తనకూ కావాలన్నాడు. మిగతావాళ్లు పడీపడీ నవ్వారు. ఆ నవ్విన వాళ్లే తర్వాత ఒక్కొక్కరూ దారికొచ్చారు.

1961 అక్టోబరులో జాన్ లెనన్‌కు 21 ఏళ్లు నిండాయి. పెద్దమ్మ కానుకగా ఇచ్చిన 100 పౌండ్లతో అతనూ పాల్ మెకార్ట్‌నీ దారిన పోయే వాహనాలెక్కి స్పెయిన్ వెళ్దామని బయల్దేరి పారిస్‌లో ఆగిపోయారు. అప్పటికి వోల్‌మర్ అక్కడే ఉంటున్నాడు. అతని హోటల్ గదిలో ఇద్దరూ తలలు అప్పగించారు. డ్రమ్మర్ పీట్ బెస్ట్ మాత్రం తన పఫ్ వదల్లేదు. 1962 ఆగస్టులో అతన్ని బృందం నుంచి తప్పించారు. కారణం జుట్టేనని చెప్పలేం గానీ, అతని స్థానంలోకి వచ్చిన రింగో స్టార్ మాత్రం గడ్డం తీసి, జుట్టు ముందుకు దువ్వుకోవాల్సి వచ్చింది. బీటిల్స్‌లో అందరికంటే ముందు ఈ క్రాపు పెట్టుకున్న సట్‌క్లిఫ్ దాని వైభవం చూడనే లేదు. 1962 ఏప్రిల్‌లో, 21 ఏళ్లకే, హాంబర్గ్‌లో చనిపోయాడు.

నిజానికి ఈ కోత కొత్తదేం కాదు. ఇంగ్లండు రాజు అయిదో హెన్రీ చిత్తరువులోనూ ఇలాంటిదే కనిపిస్తుంది. హాలీవుడ్ హాస్య త్రయం త్రీ స్టూజెస్‌లో మో హోవర్డ్ తల చూసి అమెరికా దశాబ్దాల పాటు నవ్వుకుంది. మన ఊళ్లలోనైతే నుదుటి మీద తిన్నగా కత్తిరించుకుని బడికొచ్చిన పిల్లాణ్ని ‘డిప్ప కటింగ్’ అని ఏడిపించకుండా వదిలేవారా?

1964 ఫిబ్రవరి 7న బీటిల్స్ న్యూయార్క్‌లో విమానం దిగగానే విలేకరులు సంగీతాన్ని వదిలి జుట్టు మీద పడ్డారు. క్షవరం చేయించుకుంటారా అని అడిగితే, నిన్ననే చేయించుకున్నానన్నాడు జార్జ్ హారిసన్. రెండు రోజుల తర్వాత టీవీలో ఎడ్ సల్లివాన్ షోలో వాళ్లను దాదాపు 7.3 కోట్ల మంది చూశారు. బొమ్మల దుకాణాల్లో బీటిల్స్ విగ్గులు వెలిశాయి. అదే ఏడాది వచ్చిన ‘ఎ హార్డ్ డేస్ నైట్’ సినిమాలో, నీ క్రాపును ఏమంటారని అడిగిన విలేకరికి జార్జ్ ‘ఆర్థర్’ అని జవాబిస్తాడు. మరుసటి ఏడాది సిబిల్ బర్టన్ న్యూయార్క్‌లో నైట్‌క్లబ్ తెరిచి దానికి ఆ పేరే పెట్టింది. క్రాపు పేరుతో క్లబ్బు వెలవడం అంతకుముందు ఎవరు విన్నారు!

హిందీ సినిమా కూడా ఆలస్యం చేయలేదు. 1965లో షమ్మీ కపూర్ ‘జాన్వర్’లో టెడ్ లయన్స్ బృందం బీటిల్స్ విగ్గులు పెట్టుకుని, వాళ్ల బాణీనే అనుకరించిన పాటకు ఆడింది.

పెద్దలకు మాత్రం ఇది నవ్వులాటలా కనిపించలేదు. 1966లో డాలస్‌లో ఒక బ్యాండు కుర్రాళ్లు ముగ్గుర్ని, జుట్టు కత్తిరించుకుంటేనే బడిలోకి రానిస్తామని ప్రిన్సిపాల్ ఆపేశాడు. వాళ్లు కోర్టుకెక్కారు. 1968లో అప్పీలు కోర్టు బడి పక్షానే తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు కేసు చేపట్టనే లేదు. ఒక్క జస్టిస్ డగ్లస్ అందుకు విభేదించాడు. ఇండొనేసియాలో అధ్యక్షుడు సుకర్నో ఈ సంగీతాన్నీ, దానితో వచ్చిన క్రాపునూ పాశ్చాత్యుల సాంస్కృతిక దాడిగా జమకట్టాడు. బీటిల్స్ పాటలు వాయించినందుకు 1965 జూన్‌లో కోయెస్ సోదరుల బృందాన్ని జకార్తా జైల్లో పెట్టారు. వాళ్లు బయటపడింది సెప్టెంబరు చివర్లో. గిటారు వాయించినందుకు మూడు నెలలు! జుట్టు పొడవును చూసి ప్రభుత్వాలు ఇంతగా బెదిరిన కాలం అరుదు.

ఈలోగా బీటిల్సే ఆ క్రాపును వదిలేశారు. 1967 నాటికి మీసాలొచ్చాయి. 1968లో రుషీకేశ్‌లో మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చినప్పటి ఫొటోల్లో పాత క్రాపు ఆనవాలు వెతకాల్సిందే.

సింగపూర్ మాత్రం అప్పుడే నిద్ర లేచింది. 1970ల్లో ప్రభుత్వ కార్యాలయాల్లో పొడవు జుట్టు మగవాళ్ల పని చివర్న చూస్తామని పోస్టర్లు అంటించారు. పొడవు అంటే ఎంతో కూడా వాటి మీదే ఉంది: నుదుటి మీద పడి కనుబొమలను తాకితే, చెవులను కప్పితే, కాలరు దిగితే పొడవే. 1972లో లెడ్ జెప్పెలిన్ బృందాన్ని జుట్టు కారణంగానే దేశంలోకి రానివ్వకపోవడంతో కచేరీ రద్దయింది. బీటిల్స్ విడిపోయి అప్పటికి రెండేళ్లు కావస్తోంది.