తెలుగు వికీపీడియాలో దిద్దుబాటు వివాదాలు: పరిష్కార చరిత్ర

వ్యాసంలో ఏముండాలి, ఏ మాటల్లో ఉండాలి అన్నదానిపై వికీపీడియా వాడుకరుల మధ్య తలెత్తే విభేదాలే దిద్దుబాటు వివాదాలు. ఒకరు రాసింది మరొకరు తీసేసి, తీసేసింది మొదటివారు మళ్ళీ పెడుతూ పోతే అది దిద్దుబాటు యుద్ధం అవుతుంది. ఇంగ్లీషు వికీపీడియాలో ఇలాంటి తగవుల్లో వాడుకరుల ప్రవర్తనపై తీర్పు చెప్పే మధ్యవర్తిత్వ సంఘం ఉంది. తెలుగులో అది లేదు. వ్యాసపు చర్చాపేజీలోనో, అక్కడ తెగకపోతే అందరి చర్చావేదిక అయిన రచ్చబండలోనో మాట్లాడుకుని తేల్చుకోవాలి. నిర్వాహకులకు పేజీని సంరక్షించే, వాడుకరిని నిరోధించే అధికారాలున్నాయి గానీ, వ్యాసంలో ఏముండాలో చెప్పేటప్పుడు వాళ్ళ మాటకు అదనపు బరువేమీ ఉండదు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. అప్పట్లో పోట్లాడుకోవడానికి మనుషులే లేరు. తెరమీద తెలుగు రాయడమే పెద్ద పని. 2005 తర్వాత వాడుకరులు పెరిగారు. వారిలో సాఫ్టువేరు ఉద్యోగులూ ఉన్నారు. నియమాలు చాలావరకు ఇంగ్లీషు వికీపీడియాలో తయారై వచ్చినవే: తటస్థ దృక్కోణం, వ్యక్తిగత దాడుల నిషేధం, ఎదుటివారి ఉద్దేశం మంచిదేనని నమ్మడం. ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను తిరగ్గొట్టకూడదన్న నియమం ఇంగ్లీషులో 2004లో అమల్లోకి వచ్చింది. దాన్ని మీరినవారిపై నిరోధం పడొచ్చు. అయితే ఎవరి మాట సరైనదో ఆ నిరోధం తేల్చదు, తగవును కాసేపు ఆపుతుందంతే.

తేల్చేది ఆధారం. హైటెక్ సిటీ ఏ జిల్లాలో ఉందన్న ప్రశ్ననే చూడండి. హైదరాబాదు జిల్లా అని ఎవరైనా రాసేస్తారు. కానీ అది ఉన్న మాదాపూర్ వచ్చేది రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31కి, 2019లో 33కి పెరిగాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఈ మార్పులతో వేలాది ఊళ్ళ పేజీలను సరిదిద్దవలసి వచ్చింది. ఇలాంటి చోట ప్రభుత్వ ఉత్తర్వు చూపిస్తే వాదన ముగుస్తుంది. సినిమా వసూళ్ళు, కుల చరిత్రలు, బతికున్న నాయకుల జీవిత విశేషాల దగ్గర అంత తేలిగ్గా ముగియదు. అక్కడ నమ్మదగ్గ మూలాలే తక్కువ, ఉన్నవాటిలోనూ పొగడ్త పాలో తెగడ్త పాలో ఎక్కువ.

మర్యాద నియమాలన్నీ అవతల జవాబిచ్చే మనిషి ఉన్నాడన్న నమ్మకం మీద నిలిచినవి. ఆ నమ్మకానికి పరీక్ష గూగుల్ అనువాదాలతో వచ్చింది. 2009-2011 మధ్య గూగుల్ తన అనువాద ఉపకరణం ద్వారా, డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకులతో, తెలుగు, తమిళం, హిందీ, కన్నడం సహా పలు భాషల వికీపీడియాల్లో ఇంగ్లీషు వ్యాసాల అనువాదాలను పెట్టించింది. చాలా వ్యాసాల్లో వాక్యం తెలుగు లిపిలో ఉన్నా నడక తెలుగుది కాదు. అనువాదకులు వ్యాసం పెట్టి వెళ్ళిపోయేవారు, లోపాలను ఎత్తిచూపుదామంటే చర్చాపేజీలో పలికే దిక్కు ఉండేది కాదు. బెంగాలీ వికీపీడియా ఆ వ్యాసాలను తిరస్కరించింది. తమిళులు గూగుల్‌తో మాట్లాడి నాణ్యత షరతులు పెట్టారు. తెలుగులో అవి పేరుకుపోయాయి. ఏళ్ళు గడిచాక కూడా శుద్ధి చెయ్యాలా, తొలగించాలా అన్న చర్చ సాగింది. ఒక వాడుకరి తొందరపాటు ఒక పేజీని పాడుచేస్తే, ఒక సంస్థ తొందరపాటు వందల పేజీల పని మిగిల్చింది.

పెద్ద ఎత్తున వచ్చిపడే వ్యాసాలకు జవాబిచ్చేదెవరన్న ప్రశ్న మరో రూపంలో హైదరాబాదు నుంచే ఎదురైంది. గచ్చిబౌలిలోని ఐఐఐటీ హైదరాబాదులో ఆచార్య వాసుదేవ వర్మ నాయకత్వాన ఇండిక్‌వికీ ప్రాజెక్టు మొదలైంది. సేకరించిన సమాచారాన్ని ముందే రాసిపెట్టుకున్న వాక్యాల మూసలో నింపి, కంప్యూటరు చేత పెద్ద ఎత్తున తెలుగు వ్యాసాలు తయారుచేయించడం దాని పద్ధతి. వేల వ్యాసాలు ఒకే అచ్చులో వస్తే చదివేవారికి మిగిలేదేమిటి, తప్పు దొర్లితే దిద్దేదెవరు అన్న ప్రశ్నలు సహజంగానే వచ్చాయి. ఈసారి తేడా ఏమిటంటే అవతలివారు హైదరాబాదులోనే ఉన్నారు, పిలిస్తే పలుకుతారు.

2021 ఫిబ్రవరిలో వికీమీడియా ఫౌండేషన్ అన్ని ప్రాజెక్టులకూ వర్తించే సార్వత్రిక ప్రవర్తనా నియమావళిని ప్రకటించింది. వేధింపులు, అవమానాలు దాని పరిధిలోకి వస్తాయి. వ్యాసంలో ఏ వాక్యం ఉండాలన్నది మాత్రం రాదు.  2024లో ఒక వ్యాసంపై వివాదం వికీ గోడలు దాటింది. తమ గురించిన వ్యాసంపై ఏఎన్ఐ వార్తాసంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. ఆ కేసు గురించి ఇంగ్లీషులో రాసిన పేజీని 2024 అక్టోబరులో కోర్టు ఆదేశంతో తొలగించారు. ఆ ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2025 మే 9న కొట్టివేసింది.