మాటకు చిరునామా

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో సముద్రపొడ్డున రామతీర్థం ఉంది. అక్కడి రామలింగేశ్వరుడి గుడి మీద ఒక పేరా రాయమంటే పిల్లలు ఏం రాస్తారు? ‘ఈ ఆలయం అతి పురాతనమైనది’ అని ఎత్తుకుని, రాముడే లింగాన్ని ప్రతిష్ఠించాడని చెప్పి, ‘అందరూ దర్శించాలి’ అని ముగిస్తారు. ఏది స్థలపురాణం, ఏది శాసనం, ఏది అవ్వ చెప్పిన మాట? మూడూ రాయదగినవే. ఒకే గొంతుతో రాసేస్తే మాత్రం దేన్ని ఎంత నమ్మాలో చదివేవాడికి తెలీదు.

ఈ చిక్కుకు మందు, అంటే మాటకు ఆధారం చూపడం, పడమటి నుంచి దిగుమతి అయిందనుకుంటాం. కానీ అది మన దగ్గరా ఉంది. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాయబోతూ, మూలం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. పదానికి అర్థం చెబుతాడు, నిఘంటువు మాట ఎత్తి చూపుతాడు, ‘ఇత్యమరః’ అని అమరకోశం పేరు పెడతాడు. మాట, ఆధారం, ఆ ఆధారం ఎవరిది అన్నవి మూడూ అక్కడికక్కడే. ఇప్పుడు మాస్టర్లు పేరాలో అడుగుతున్నదీ ఇదే.

మరి పుట సంఖ్య లేదేం? అక్కర్లేకపోయింది. ఆనాటి చదువరికి అమరం కంఠస్థం, పేరు వింటే శ్లోకం నోటికొచ్చేది. పైగా ఒక తాటాకు ప్రతిలో పదో ఆకున ఉన్నది ఇంకో ప్రతిలో పన్నెండో ఆకున ఉండొచ్చు. అచ్చు వచ్చాకే ఒక కూర్పు ప్రతులన్నిటిలో పుట ఒకటైంది. పుస్తకాలు పెరిగేసరికి పేరూ పుటా కూడా చాల్లేదు. 1881లో హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్, పెంకులేని నత్త గుడ్ల మీద రాసిన వ్యాసంలో, రచయిత పేరు పక్కన బ్రాకెట్లో సంవత్సరం వేశాడు. నేటి పరిశోధన పత్రాల్లో కనిపించే పద్ధతికి తొలి ఉదాహరణ అదేనంటారు. ఆ పద్ధతి నత్త కోసం పుట్టిన సంగతి ఎంతమందికి తెలుసో!



మన జిల్లాకు వస్తే, బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనేవారు కలిసి నెల్లూరు శాసనాలను 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. తాలూకాల వారీగా ఒక్కో శాసనానికి ఒక్కో సంఖ్య. అప్పటినుంచి ఎక్కడో పొలంలో పడున్న రాతిని కూడా సంపుటం, తాలూకా, సంఖ్య చెప్పి ఎవరైనా చూపించొచ్చు.

రామతీర్థం పేరా రాసే పిల్లవాడు ముందు ఆ సంపుటాలు వెతకాలి. గుడి వయసు చెప్పే శాసనం దొరికితే సంఖ్యతో సహా రాయాలి, దొరక్కపోతే ‘అతి పురాతనం’ కొట్టేయాలి. రాముడి కథను ‘స్థలపురాణం ప్రకారం’ అని మొదలుపెట్టాలి. ఫోన్లో చదివిందైతే చూసిన తేదీ వేయాలి, రేపటికి అక్కడ రాత మారిపోవచ్చు. అవ్వ మాటనూ వదలక్కర్లేదు. ఆమె పేరు, ఊరు, ఏ రోజు చెప్పిందో రాస్తే అదీ ఆధారమే.