ఐటీ నియామకాలు: అభ్యర్థులను కంపెనీలు ఆకట్టుకునే తీరు

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) శివారు ప్రాంతం ప్రోతరాపూర్. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఇక్కడి ఇంజనీరింగ్ పట్టభద్రులు ఐటీ ఉద్యోగం కోసం చెన్నై, హైదరాబాద్, బెంగళూరు వైపు చూడవలసిందే. సుమారు 2,300 కిలోమీటర్ల చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైన తరువాత ఆన్‌లైన్ పరీక్షలు, ఇంటర్వ్యూలు ఇంటి నుంచే రాయడం, హాజరుకావడం సులభమైంది.

నిపుణుల కొరత ఏర్పడినప్పుడు అభ్యర్థి వెంట కంపెనీయే పడుతుంది. 2021–22లో అదే జరిగింది. ఆ ఆర్థిక సంవత్సరం చివరి త్రైమాసికానికి ఇన్ఫోసిస్‌లో ఉద్యోగుల వలస 27.7 శాతానికి చేరింది. టీసీఎస్ ఆ ఏడాది లక్ష మంది కొత్త పట్టభద్రులను తీసుకుంది. భారత్‌పే అనే ఆర్థిక సాంకేతిక సంస్థ 2021లో సాంకేతిక నిపుణులకు బీఎండబ్ల్యూ మోటారు సైకిళ్లను ఎరగా చూపింది. సాధారణంగా కనిపించే ఆకర్షణలు ఇంత ఆర్భాటంగా ఉండవు: జాయినింగ్ బోనస్, ఇంటి నుంచి పని, కానుకల పెట్టె, భావి సహోద్యోగులతో పరిచయ సమావేశం. పాత కంపెనీలో నోటీసు గడువు తరచూ 90 రోజులు. ఆ మూడు నెలల్లో అభ్యర్థి మరో ఆఫర్‌కు మొగ్గకుండా హెచ్‌ఆర్ విభాగం పలకరింపు ఫోన్లు చేస్తూనే ఉంటుంది.

గిరాకీ తగ్గగానే ఈ ఆప్యాయత సన్నగిల్లుతుంది. ఏడాదికి 6.5 లక్షల రూపాయల వేతనం ప్రతిపాదించిన కొందరు కొత్తవారిని 3.5 లక్షలకు అంగీకరించగలరా అని విప్రో 2023 ఫిబ్రవరిలో అడిగింది. 2022లో ఇన్ఫోసిస్ ఎంపిక చేసిన కొందరు పట్టభద్రులకు చేరిక పిలుపు 2024 వరకూ అందలేదు. ద్వీపవాసికి ఇటువంటి జాప్యం మరింత భారం. విమాన టికెట్టు ముందే కొనాలి, నగరంలో గదికి అడ్వాన్సు చెల్లించాలి. ఓడలో వెళ్దామంటే విశాఖపట్నానికి దాదాపు మూడు రోజుల ప్రయాణం.

అందుచేత ఆఫర్ లేఖలో మొత్తం అంకె కన్నా దాని విభజన ముఖ్యం. సీటీసీలో పనితీరుపై ఆధారపడే వేరియబుల్ పే, యజమాని వాటా భవిష్యనిధి, సాధారణంగా ఐదేళ్ల సర్వీసు తరువాతే లభించే గ్రాట్యుటీ కూడా కలిసి ఉంటాయి. జాయినింగ్ బోనస్‌ను నిర్ణీత కాలంలోపు మానేస్తే తిరిగి చెల్లించాలనే షరతు తరచూ ఉంటుంది. చేరే తేదీ, పని చేయవలసిన నగరం లేఖలో స్పష్టంగా లేకపోతే టికెట్టు కొనడానికి ముందే లిఖితపూర్వకంగా అడగవచ్చు. ఎంపిక పేరుతో డిపాజిట్ కోరే ఫోన్లు మాత్రం కంపెనీల నుంచి వచ్చేవి కావు, మోసగాళ్లవి.