పాత పెట్రోలు కార్లలో ఐడ్లింగ్ లోపాల నిర్ధారణ

యాక్సిలరేటరు మీద కాలు లేనప్పుడు ఇంజిను తనంతట తాను తిరగడాన్ని ఐడ్లింగ్ అంటారు. మెకానిక్కులు ‘స్లో’ అంటారు. కార్బరేటరున్న నాలుగు సిలిండర్ల ఇంజిను అప్పుడు నిమిషానికి సుమారు 700–900 సార్లు తిరుగుతుంది. అంతకు తగ్గినా, కుదుపుతో తిరిగినా, గేటు దగ్గర నిలిపితే ఆగిపోయినా కారణం వెతకాల్సిందే. థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉండే ఆ స్థితిలో సిలిండర్లకు అందే గాలీ పెట్రోలూ బహు కొద్ది. వేగంలో తెలియని చిన్న లోపం కూడా అక్కడ బయటపడుతుంది.

గాలిలో పెట్రోలు చిమ్మి కలిపే స్ప్రే కార్బరేటరును జర్మనీలో ఇంజినీరు మేబాక్ 1893లో రూపొందించాడు. ఇంగ్లండులో ఎస్.యు., ఫ్రాన్సులో సోలెక్స్, ఇటలీలో వెబర్ (1923) కంపెనీల కార్బరేటర్లు ఆ తర్వాత వచ్చాయి. జంట ఎస్.యు. కార్బరేటర్లున్న బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లకు రెంటి గాలినీ సమానం చేయడం కీలకం. రబ్బరు గొట్టం చెవికి ఆనించి ఒక్కోదాని బుస వింటూ సరిచేసేవారు.

మన దేశంలో ఈ విద్యకు మంచి రోజులు 1957 నుంచి 2000 వరకు నడిచాయి. 1957లో అంబాసిడర్, 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, 1964లో ఫియట్ డిలైట్, దానికి వారసురాలిగా 1974 నాటికి ప్రీమియర్ పద్మిని వచ్చాయి. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకు ఆధారం హెరాల్డ్ చాసిసే. అయితే చాసిసు ఒకటైనంత మాత్రాన ఇంగ్లండులో స్పిట్‌ఫైర్‌కు చేసిన పరీక్షలన్నీ ఇక్కడి హెరాల్డ్‌కు వర్తించవు.

చెన్నై–కోల్‌కతా రహదారి మీది ఏలూరు, తాడేపల్లిగూడెంలలోనూ, వాటికి దక్షిణాన కొల్లేటి సీమలోనూ వానాకాలంలో గాలి తేమగా ఉంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో ఆ తేమ నీరై అడుగున చేరుతుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత లోపల చెమ్మ పట్టి కరెంటు పక్కదారి పడుతుంది. అందుచేత ఇక్కడ వెతుకులాట కరెంటుతో మొదలుపెట్టడమే తెలివైన పద్ధతి. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉందో లేదో ఫీలర్ గేజితో చూడాలి. ఇంజిను తిరుగుతుండగా ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటే తీయాలి. ఏ వైరు తీస్తే చప్పుడులో తేడా రాదో ఆ సిలిండరే పని చేయడం లేదు. తర్వాత ప్లగ్గు చూడాలి. పొడి నలుపు ఉంటే పెట్రోలు ఎక్కువ, తెలుపు ఉంటే తక్కువ, నూనె జిడ్డు ఉంటే రింగులో వాల్వు గైడ్లో అరిగాయి. టాపెట్ల సందు, మ్యానిఫోల్డు గాస్కెట్ దగ్గర గాలి లీకు చూశాకే కార్బరేటరు మీద చేయి వేయాలి. స్లో స్క్రూ బిగించి వేగం పెంచితే రోగం దాగుతుందే కాని పోదు.

ఎస్.యు. రకానికి చక్కని పరీక్ష ఒకటుంది. కార్బరేటరు లోపలి పిస్టన్‌ను సుమారు ఒక మిల్లీమీటరు పైకెత్తినప్పుడు వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ. ఇంజిను ఆగబోతే తక్కువ. క్షణం పెరిగి మామూలుకొస్తే సరిపోయినట్టు. పద్మినిలోని సోలెక్స్‌కు ఆ వసతి లేదు. దానిలో తరచు పూడుకుపోయే పైలట్ జెట్‌ను విప్పి గాలి కొట్టాలి.

1989 కేంద్ర మోటారు వాహన నియమాలు ఐడ్లింగ్‌కు చట్టపు కొలత తెచ్చాయి. నాలుగు చక్రాల పెట్రోలు బండి పొగలో ఆ స్థితిలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించరాదని అవి నిర్దేశించాయి. చెవితో తేల్చిన సంగతికి యంత్రం అంకె ఇవ్వసాగింది. మారుతి 800కు 2000లో ఇంధన ఇంజెక్షన్ రావడంతో కొత్త కార్లలో స్లోను సరిచేసే పని కంప్యూటరుకు పోయింది.

2003లో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. 2023లో 20 శాతం మిశ్రమం వచ్చింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది, మిశ్రమంలో పెట్రోలు తక్కువైన ఫలితాన్నిస్తుంది. అందుకే పాత కార్లకు ఇప్పుడు గొట్టాలు, సీళ్లు, డయాఫ్రమ్‌లు ముందు పరీక్షించి, ఆ తర్వాత మిశ్రమం స్క్రూ తిప్పుతున్నారు.