మెట్ల దగ్గర కెమెరా

మా గోదావరిఖనిలో ఇంటి మీద నలుగురి కన్ను ఉండడం కొత్తేం కాదు. కంపెనీ క్వార్టర్లలో గోడకు గోడ ఇళ్లు. ఎవరి నాన్న ఏ షిఫ్టో లైనంతా తెలుసు. మా నాన్న రాత్రి డ్యూటీకి పోతే పక్కింటి పెద్దమ్మ వచ్చి అమ్మకు తోడుగా పడుకునేది. తెల్లారి "నిన్న మీ ఇంటికొచ్చినాయన ఎవలు?" అని ఆరా తీసేదీ ఆమే. అమ్మకు కోపమొస్తే మొహం మీదే అనేసేది. రెండు రోజులు మాటలుండేవి కావు.

ఇప్పుడా కన్ను మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఉంది.

2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. జనం గుమిగూడే చోట్ల కెమెరాలు పెట్టాలి, రికార్డు 30 రోజులు దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. తెలంగాణ వచ్చాక కాలనీలవాళ్లే డబ్బులు వేసుకుని కెమెరాలు పెట్టుకునే పథకాన్ని పోలీసులు తెచ్చారు. దాని పేరు 'నేను సైతం'. తెలుగు బీఏ చదివినదాన్ని కదా, శ్రీశ్రీ మాట ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చిందా అనుకున్నాను.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత మన ప్రాథమిక హక్కని ఒక్కమాటగా చెప్పారు. ఆధార్ మీద ఆ కేసు వేసింది పుట్టస్వామి అనే రిటైర్డ్ జడ్జి. మా బిల్డింగ్ మీటింగులో అదెవరికీ గుర్తు రాలేదు. గొలుసు దొంగల భయం ముందు ఏ తీర్పు గుర్తొస్తుంది చెప్పండి! "దాచుకోవడానికి మనకేముంది" అన్నారొకరు. చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను.

అది ఎవరి ఫోన్లో కనబడుతుందో మాత్రం ఎవరమూ అడగలేదు.

మొన్న మూడో అంతస్తు అమ్మాయి రాత్రి పదకొండున్నరకు ఎవరి బండో దిగి మెట్లెక్కిన వీడియో వాట్సాప్ గ్రూపులో పడింది. ఆమె నర్సు, డ్యూటీ దిగి వచ్చింది. అందరూ చూశారు, ఒక్కరూ మాట్లాడలేదు. నేనూ అంతే. ఆ రాత్రే మా ఆయన నైట్ షిఫ్టుకు మెట్లు దిగుతుంటే గుండె ఝల్లుమంది. ఇదీ ఆ ఫోన్లో కనబడుతుంది. ఏ ఇంట్లో ఆడవాళ్లం ఒంటరిగా ఉన్నామో పట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది. పెద్దమ్మకూ తెలిసేది, కానీ ఆమె చాప పట్టుకుని వచ్చేది.

తర్వాతి మీటింగులో నోరు తెరిచాను. వీడియో గ్రూపులో పెట్టొద్దు, కెమెరా గేటు వైపు తిప్పండి, టీవీ వాచ్‌మన్ గదిలో ఉండనీయండి అన్నాను. "మీ కోసమే కదమ్మా" అన్నారు. నాకంటే ముందు ఆ నర్సు వాళ్లమ్మ లేచి నిలబడింది.

కెమెరా ఇప్పుడు గేటు వైపు తిరిగింది. ఫోన్ సంగతి ఇంకా తేలలేదు.